తూటాను బట్టి స్ప్రింగు: పిస్టల్ షూటింగుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడిగాయి: "పిస్టల్ ఇరుక్కుంటోంది, ఏ స్ప్రింగు వెయ్యమంటారు?" భీమవరం నుంచి కాకినాడ దాకా అందరి అనుమానమూ స్ప్రింగు మీదే. మా అనుభవంలో స్ప్రింగును అనుమానించాల్సింది చిట్టచివర. ముందు మీ పిస్టల్‌లో గురి బాగా పడే తూటా ఏదో తేల్చుకోవాలి. ఆ తూటాకు తగ్గట్టు స్ప్రింగును సర్దుకోవాలి. ఈ వరస తిరగబడితే డబ్బూ పోతుంది, గురీ పోతుంది.

ఈ జవాబులు లైసెన్సుతో, క్లబ్బు రేంజిలో వాడే పోటీ పిస్టళ్ల గురించి మాత్రమే. ఏది విప్పాలన్నా ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) తీసి, చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే అర) ఖాళీ అని కంటితో చూసుకోండి. పక్కనున్నవారికీ చూపించి అప్పుడు మొదలుపెట్టండి.

ప్రశ్న: మా క్లబ్బులో .22 (బ్యారెల్ లోపలి వెడల్పు సుమారు 0.22 అంగుళం) పిస్టల్ రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచిందండి. ఈమధ్య వేరే కంపెనీ తూటాలు వచ్చాయి. అవీ స్టాండర్డ్ వెలాసిటీవే (మామూలు వేగం రకమే), డబ్బా మీద వేసిన వేగమూ ఇంచుమించు అంతే. కానీ యాభై తూటాల డబ్బాలో మూడు నాలుగు సార్లు ఖాళీ కేసు (పేలాక మిగిలే తూటా గొట్టం) బయటికి పోకుండా బ్రీచ్ (బ్యారెల్ వెనక ముందుకీ వెనక్కీ జరిగే దిమ్మ) సందులో నిలువుగా ఇరుక్కుపోతోంది. రికాయిల్ స్ప్రింగులో (బ్రీచ్‌ని తిరిగి ముందుకు తోసేది) రెండు చుట్లు కోయిస్తే చాలని సీనియర్ ఒకాయన అంటున్నారు. కోయించమంటారా? (భీమవరం)

జవాబు: వద్దండి. ఆ పిస్టల్‌లో జరుగుతున్నదేమిటో ముందు చూద్దాం.

.22 పోటీ పిస్టళ్లలో బ్రీచ్‌ని బిగించి ఉంచే తాళమంటూ ఏదీ ఉండదు. తూటా పేలినప్పుడు బుల్లెట్ (తూటా కొనన ఉండే సీసపు గుండు) ముందుకు పోతుంది, కేసు వెనక్కి తన్ని బ్రీచ్‌ని తోస్తుంది. దానికి ఎదురు నిలిచేవి మూడు: బ్రీచ్ బరువు, రికాయిల్ స్ప్రింగు బిగువు, హ్యామర్‌ని వెనక్కి వాల్చడానికి పట్టే బలం (ట్రిగ్గర్ లాగితే పిన్ను మీద కొట్టి తూటాని పేల్చే సుత్తే హ్యామర్). మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. తోపు చాలకపోతే బ్రీచ్ పూర్తిగా వెనక్కి పోదు. అప్పుడు ఖాళీ కేసు, దాన్ని బయటికి ఎగరగొట్టే ఎజెక్టర్‌కి గట్టిగా తగలదు, లేదా తగిలి పైకి లేచేలోపే బ్రీచ్ తిరిగొచ్చి దాన్ని పట్టేస్తుంది. మీరు రాసిన నిలువు ఇరుకు అదే.

డబ్బా మీది వేగాలు ఒకటే అయినా తోపు ఎందుకు తేడా వస్తుందంటే, ఆ వేగాన్ని చాలా కంపెనీలు పొడుగాటి రైఫిల్ బ్యారెల్‌లో కొలుస్తాయి. పోటీ పిస్టల్ బ్యారెల్ నిబంధన ప్రకారం 153 మి.మీ. దాటకూడదు. అంత పొట్టి బ్యారెల్‌లో మెల్లగా కాలే మందు పూర్తి బలం చూపించదు. డబ్బా మీద 'పిస్టల్' అని ప్రత్యేకంగా వేసే తూటాలు ఈ పొట్టి బ్యారెల్ కోసమే తయారవుతాయి. మీ కొత్త డబ్బా ఏ రకమో చూడండి.

ఇక కోత సంగతి. ఉదాహరణకు 20 చుట్ల స్ప్రింగు ఒకటి ఊహించుకోండి. విడిగా పొడవు 100 మి.మీ., ఒక్కో మిల్లీమీటరు నొక్కితే 50 గ్రాముల బిగువు. పిస్టల్‌లో అమర్చితే 60 మి.మీ.కు కుదించుకుంటుంది, అంటే 2 కిలోల బిగువు. బ్రీచ్ పూర్తిగా వెనక్కి పోతే 30 మి.మీ.కు కుదించుకుంటుంది, 3.5 కిలోలు. ఇప్పుడు రెండు చుట్లు కోశారు. పొడవు 90 మి.మీ.కు తగ్గింది. కానీ చుట్లు తగ్గిన కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది: మిల్లీమీటరుకు 50 గ్రాములు కాస్తా 55.5 అయింది. లెక్క వేస్తే మూసి ఉన్నప్పుడు బిగువు 1.67 కిలోలు, పూర్తిగా తెరిచినప్పుడు 3.33 కిలోలు. మీకు తగ్గాల్సిన చోట, అంటే వెనక, తగ్గింది 5 శాతమే. తగ్గకూడని చోట, అంటే తూటాని చాంబర్‌లోకి తోసి బ్రీచ్ పూర్తిగా మూసుకునే చివరి క్షణంలో, 17 శాతం పోయింది. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి అన్నట్టు ఒక జబ్బు తగ్గీ తగ్గకుండానే రెండోది తగులుకుంటుంది: బ్రీచ్ పూర్తిగా మూసుకోదు. పైగా కోసిన కొన వాడిగా ఉండి స్ప్రింగు నడిచే కడ్డీని గీరుతూ ఉంటుంది.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకండి. ఈ వరసలో వెళ్లండి, ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

మొదట చాంబర్. .22 బుల్లెట్‌కి పైన మైనమో గ్రీజో పూసి ఉంటుంది. అది మసితో కలిసి చాంబర్ నోటి దగ్గర ఉంగరంలా గట్టిపడుతుంది. కేసు అక్కడ పట్టేస్తే బ్రీచ్ వేగం సగం అక్కడే పోతుంది. కంచు బ్రష్షుని సాల్వెంట్‌లో ముంచి చాంబర్‌లో నాలుగైదు తిప్పులు తిప్పి గుడ్డతో తుడవండి. తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం (ఖాళీ కేసుని చాంబర్‌లోంచి లాగేది) కింద వెదురుపుల్లతో గీకండి. అక్కడ గట్టిపడిన మసి నల్ల ఆవగింజంత ఊడివస్తుంది. ఆ ఆవగింజే కొక్కేన్ని కేసు అంచు మీద పూర్తిగా కూర్చోనివ్వదు.

రెండోది, బ్రీచ్ పట్టాల మీద చెరొక చుక్క నూనె. మూడోది, వేరే మ్యాగజైన్. నాలుగోది, చెయ్యి: అదే పిస్టల్‌ని గట్టి పట్టున్న మరొకరి చేత పేల్పించండి. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం వెనక్కి జరిగిపోయి, బ్రీచ్‌కి అందాల్సిన కదలిక చేతిలోకే పోతుంది. ఐదోది, పాత కంపెనీ తూటాలు ఒక డబ్బా. అవి ఇప్పటికీ శుభ్రంగా నడిస్తే తేడా తూటాదే అని తేలుతుంది.

అప్పుడు రెండు దారులు. కొత్త తూటా గురిలో పాతదానికంటే మెరుగు కాకపోతే పాతదానికే వెళ్లిపోండి, స్ప్రింగు జోలికి పోవద్దు. కొత్తదే బాగా గుంపు పడుతుంటే (దెబ్బలన్నీ ఒకేచోట దగ్గరగా పడుతుంటే) పిస్టల్ తయారీదారు గానీ, పేరున్న స్ప్రింగు కంపెనీ గానీ అమ్మే ఒక మెట్టు తక్కువ బిగువు స్ప్రింగు తెప్పించి క్లబ్బు ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మెకానిక్) చేత వేయించండి. ఒక్క మెట్టే.

వేసే ముందు, వేశాక సామాన్లు తూచే చేతి డిజిటల్ త్రాసుతో బిగువు కొలవండి. ఖాళీ పిస్టల్‌ని మెత్తటి గుడ్డ చుట్టి బల్లకు బిగించి, బ్రీచ్ రెక్కలకు నాడా తగిలించి త్రాసుతో తిన్నగా వెనక్కి లాగాలి. బ్రీచ్ కదలడం మొదలైనప్పుడు ఒక అంకె, చివరిదాకా పోయినప్పుడు ఒక అంకె రాసుకోండి. హ్యామర్ ఎక్కించి ఉంచి ఒకసారి, దించి ఒకసారి చేస్తే రెంటి తేడాలో హ్యామర్ స్ప్రింగు వాటా బయటపడుతుంది. మూడేసి సార్లు లాగి సగటు తీయండి. పాత స్ప్రింగు అంకె కొత్తదాని కంటే పదో వంతు తగ్గిపోతే మేం మార్చమనే చెబుతాం.

ఆఖరు మాట పరీక్ష గురించి. స్ప్రింగు మార్చి ఒక డబ్బా పేల్చి "ఒక్కటీ ఇరుక్కోలేదు" అని తృప్తి పడకండి. యాభైకి ఒకటి చొప్పున ఇరుక్కునే పిస్టల్ కూడా, ఆ యాభైలో ఒక్కటీ ఇరుక్కోకుండా పోయే అవకాశం 36 శాతం ఉంటుంది. 200 తూటాలు ఏ అడ్డూ లేకుండా పోతే ఆ అవకాశం 2 శాతం లోపుకి దిగుతుంది. నాలుగు డబ్బాలు ఖర్చు పెట్టక తప్పదు.

ప్రశ్న: హై వెలాసిటీ తూటాలు వాడితే ఏ పిస్టలైనా ఇరుక్కోకుండా నడుస్తుందంటున్నారు. ధర కూడా తక్కువే. వాడవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: చాలావరకు ఇరుక్కోదు, నిజమే. కానీ చేసే నష్టం లోపల జరుగుతుంది.

మామూలు .22 బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే దాదాపు 2.6 గ్రాములు. స్టాండర్డ్ రకం సెకనుకు 325 మీటర్ల దగ్గర పోతుంది, హై వెలాసిటీ 380 దగ్గర. వేగం తేడా 17 శాతమే కదా అనిపిస్తుంది. బ్రీచ్ కూడా దాదాపు అంతే ఎక్కువ వేగంతో వెనక్కి వస్తుంది. కానీ వెనక గోడకు కొట్టుకునే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ దెబ్బ సుమారు 37 శాతం ఎక్కువ. స్టాండర్డ్ తూటా కోసం తేలిక స్ప్రింగు వేసిన పోటీ పిస్టల్‌లో ఆ దెబ్బని ముందు రబ్బరు బఫర్ తింటుంది, తర్వాత ఫ్రేము తింటుంది.

గురి కూడా దెబ్బతింటుంది. మామూలు ఉష్ణోగ్రతలో గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని దాటి బయల్దేరిన బుల్లెట్ దారిలో మళ్లీ ఆ వేగం కిందికి దిగేటప్పుడు గాలి కుదుపుకి లోనవుతుంది. పోటీ తూటాలన్నీ శబ్దవేగం కిందే ఉండడానికి ఒక కారణం ఇదే.

గట్టి స్ప్రింగు వేసి హై వెలాసిటీ వాడితే సరిపోదా అని అడగొచ్చు. దెబ్బ తగ్గుతుంది. కానీ గట్టి స్ప్రింగు బ్రీచ్‌ని అంతే విసురుగా ముందుకు తోసి పిస్టల్ ముక్కుని కిందికి వంచుతుంది. ఐదు తూటాలు పది సెకన్లలో వేయాల్సిన వరసలో ప్రతిసారీ సైట్లు (గురి చూసే గుర్తులు) మళ్లీ పైకి తెచ్చుకోవడానికే టైమైపోతుంది. తయారీదారు పుస్తకంలో స్టాండర్డ్ అని రాసి ఉంటే స్టాండర్డే వాడండి.

పొరపాటున నాలుగైదు పేల్చి ఉంటే ఆ ఖాళీ కేసులు ఏరి చూడండి. అడుగు అంచుకి కాస్త పైన కేసు గోడ ఉబ్బిందంటే ఒత్తిడి దిగకముందే బ్రీచ్ తెరుచుకుంటోందని అర్థం. అక్కడితో ఆపేయండి.

ప్రశ్న: వానాకాలం మొదలైన దగ్గర్నుంచి టక్కుమని శబ్దం వస్తోంది గానీ తూటా పేలడం లేదు. డబ్బాకి రెండు మూడు. ట్రిగ్గర్ తేలిగ్గా ఉంటుందని కిందటేడాది హ్యామర్ స్ప్రింగు తేలికది వేయించుకున్నాను. (అమలాపురం)

జవాబు: ముందు జాగ్రత్త. టక్కుమని ఆగిపోతే పిస్టల్‌ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు కదలకండి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదే గానీ ఉంటాయి. మామూలు శబ్దం కాకుండా నీరసంగా 'ఫట్' మందనుకోండి, అప్పుడు ఇంకా జాగ్రత్త: బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. మ్యాగజైన్ తీసి, బ్రీచ్ తెరిచి, శుభ్రం చేసే కడ్డీ బ్యారెల్‌లో ఇటు నుంచి అటు పోతోందో లేదో చూడకుండా రెండో తూటా పేల్చకూడదు.

ఇక కారణం. .22 తూటాకి విడిగా ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) ఉండదు. అంటుకునే మందు కేసు అడుగు అంచు లోపల చుట్టూ పూసి ఉంటుంది. పేలని తూటాని, పేలిన కేసుని పక్కపక్కన పెట్టి సెల్‌ఫోన్ కెమెరాలో పెద్దది చేసి పిన్ను గుర్తులు చూడండి.

రెండు గుర్తులూ ఒకే లోతుంటే తప్పు తూటాది. ఆ అంచు దగ్గర మందు పలచగా ఉంది. అదే తూటాని సగం తిప్పి మళ్లీ పెడితే చాలాసార్లు పేలుతుంది. అలా పేలితే అనుమానం రూఢి అయినట్టే. ఆ లాటు తూటాలు సాధనకే ఉంచుకోండి.

గుర్తు పైపైన ఉంటే తప్పు పిస్టల్‌ది. మీరు హ్యామర్ స్ప్రింగు తేలిక చేయించారు కాబట్టి అదే అని అనుకోవడం సహజం, చాలావరకు నిజం కూడా. అయినా రెండు చూడండి. ఒకటి, చాంబర్. మసి ఉంగరం ఉంటే తూటా పూర్తిగా కూర్చోదు. పిన్ను కొట్టిన మొదటి దెబ్బ తూటాని లోపలికి తోయడానికే ఖర్చైపోతుంది. శుభ్రమైన చాంబర్‌లో తూటాని వేలితో కాస్త తోస్తే అంచు ఆనాలి. రెండోది, పిన్ను నడిచే కాలువ. వానాకాలమని భయపడి అందులో నూనె పోస్తారు. ఆ నూనె మసితో కలిసి జిగురై పిన్ను వేగాన్ని తినేస్తుంది. కాలువని సాల్వెంట్‌తో కడిగి, ఆరబెట్టి, పొడిగానే వదిలేయండి.

ఇవి చేసినా గుర్తు లోతు కాకపోతే అసలు హ్యామర్ స్ప్రింగు వెనక్కి వేయించండి. ఇందులో ఇంకో చిక్కుంది. హ్యామర్ స్ప్రింగు తేలికైతే బ్రీచ్‌కి అడ్డం కూడా తగ్గుతుంది. కాబట్టి వెనక్కి బరువు స్ప్రింగు వేశాక, ఇన్నాళ్లూ బాగా నడిచిన రికాయిల్ స్ప్రింగు బరువనిపించవచ్చు. ఖాళీ కేసులు పడే చోట ఒక గోనెపట్టా పరిచి, అంతకుముందు ఎంత దూరం పడేవో ఇప్పుడెంత దూరం పడుతున్నాయో చూడండి. దగ్గరగా, చెల్లాచెదురుగా పడుతుంటే మొదటి జవాబులోని త్రాసు పని మొదలుపెట్టండి.

25 మీటర్ల పిస్టల్ పోటీల్లో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు లాగాలి. ఆ బరువుని హ్యామర్ స్ప్రింగు తగ్గించి సాధించకండి. దానికి ట్రిగ్గర్ మరలు ఉన్నాయి. బ్యారెల్ నిలువుగా పట్టుకుని కిలో బరువు ఎత్తినప్పుడు జారకూడదు, అంతే.

ప్రశ్న: మ్యాగజైన్లు నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందంటారు. నిజమేనా? (తణుకు)

జవాబు: మంచి స్ప్రింగు నొక్కి ఉంచినందుకు అరగదు. పదే పదే నొక్కి వదిలినందుకు అరుగుతుంది. కొత్తది మొదట్లో కొద్దిగా పొట్టిబడుతుంది, తర్వాత చాలాకాలం అలాగే ఉంటుంది. అయినా తూటాలు నింపిన మ్యాగజైన్ ఇంట్లో ఉంచకూడదు. అది స్ప్రింగు కోసం కాదు, ఇంట్లో మనుషుల కోసం.

మ్యాగజైన్ స్ప్రింగు నీరసపడితే తెలిసే తీరు వేరు. మొదటి రెండు మూడు తూటాలు బాగానే పోతాయి. చివరి రెంటిలో ముక్కు కిందికి వంగి చాంబర్ కింది అంచుకి గుచ్చుకుంటుంది. బుల్లెట్ ముక్కు మీద అర్ధచంద్రంలా నొక్కు పడుతుంది. స్ప్రింగు వేసే ముందు మ్యాగజైన్ పెదవులు చూడండి. కింద పడ్డప్పుడు ఒక పెదవి వెంట్రుకవాసి వంగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. మ్యాగజైన్ల అడుగున 1, 2, 3 అని గోళ్ల రంగుతో అంకెలు వేసుకోండి. ఏ అంకె దగ్గర ఇరుక్కుంటోందో రాసుకుంటే వారం తిరిగేసరికి దొంగ దొరుకుతుంది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర. ఎంత తుడిచినా స్ప్రింగుల మీద ఎర్రగా వస్తోంది. ఇంట్లో కొబ్బరినూనె రాస్తున్నాను. తూటాలు ఫ్రిజ్‌లో పెడితే మంచిదా? (నరసాపురం)

జవాబు: రెండూ మానేయండి.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మీ స్నానాలగదిలో సీసా ఎలా ఉంటుందో పిస్టల్ లోపలా అలాగే ఉంటుంది: తెల్లటి ముద్ద. పొద్దున ఏడింటికి రేంజిలో మొదటి ఐదు తూటాలు ఇరుక్కుని, ఎండెక్కాక బాగా నడిచే పిస్టళ్లు కొన్ని ఉన్నాయి. వాటి రహస్యం చాలాసార్లు ఈ నూనే. పైగా రోజులు గడిచేకొద్దీ జిగురెక్కుతుంది. గన్ ఆయిల్ దొరక్కపోతే కొద్దిరోజులకి కుట్టుమిషన్ నూనె మేలు.

చాలా స్ప్రింగులు మామూలు కార్బన్ ఉక్కు తీగతో చేసినవి. తుప్పు పైన ఎర్రగా కనబడేది తుడిస్తే పోతుంది. కింద మిగిలిన సూదిమొన గుంటలే ప్రమాదం. స్ప్రింగు విరిగేది అలాంటి గుంట దగ్గరే. గోరుతో రాస్తే గరుకుగా తగిలే స్ప్రింగుని నూనె రాసి దాచుకోకండి, పారేయండి. మీ ఊరి ఉప్పుగాలికి, దొరికితే స్టెయిన్‌లెస్ తీగ స్ప్రింగు వేయించుకోవడం ఉత్తమం. బిగువు మాత్రం అదేనా అని త్రాసుతో చూసుకోవాలి.

పిస్టల్‌ని స్పంజి పరిచిన పెట్టెలో నెలల తరబడి ఉంచవద్దు. స్పంజి తేమని పీల్చుకుని మెల్లగా ఇనుముకి ఇస్తుంది. తోలు సంచీ కూడా అంతే. తయారీదారు ఇచ్చిన పెట్టె మోసుకెళ్లడానికే. ఇంట్లో తాళం ఉన్న ఇనప బీరువాలో, సిలికా జెల్ సంచులతో ఉంచండి. రంగు మారే సిలికా జెల్ కొంటే తడిసిందో లేదో తెలుస్తుంది. తడిసినదాన్ని 110, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలుంచితే మళ్లీ పనికొస్తుంది.

ఏసీ గదిలోంచి తెచ్చిన పిస్టల్‌ని బయట వెంటనే తెరవకండి. చల్లటి నీళ్ల సీసా బయట పెడితే ఎలా చెమర్చుతుందో మన డెల్టా గాలిలో చల్లటి ఉక్కు కూడా అలాగే చెమర్చుతుంది, స్ప్రింగు చుట్ల మధ్య కూడా. పెట్టె మూసి ఉంచి అరగంట ఆగి తీయండి. ఫ్రిజ్ తూటాలకి పనికిరానిదీ ఇందుకే. .22లో బుల్లెట్ కేసుకి నొక్కి బిగించినదే, లోపలికి చెమ్మ అసలు పోదన్న హామీ లేదు. తూటాలని వాటి డబ్బాల్లోనే, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పిస్టల్‌కి విడిగా తాళం వేసి ఉంచండి. రోహిణి కార్తెలో కారు డిక్కీలో తూటాలు వదిలేస్తే బుల్లెట్ మీది మైనం కరిగి డబ్బా అడుక్కి దిగుతుంది. పొడి బుల్లెట్ బ్యారెల్‌లో సీసం అంటిస్తుంది, మైనం ఎక్కువ అంటినది చాంబర్‌ని మురికి చేస్తుంది. ఒకే డబ్బాలో రెండు రకాలు తయారవుతాయి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నానండి. మా పెదనాన్నగారు బ్యారెల్ మడిచి ఎక్కించే స్ప్రింగు ఎయిర్ పిస్టల్ ఇచ్చారు. మొదట్లో కంటే కిందికి తగులుతోంది. గట్టి స్ప్రింగు వేసి బరువు పెల్లెట్లు వాడితే బాగుంటుందా? ఇంట్లోవాళ్లు రొయ్యల చెరువు దగ్గర కొంగల్ని తోలడానికి కూడా పనికొస్తుందంటున్నారు. (పాలకొల్లు)

జవాబు: కొంగల సంగతి ముందు చెబుతానమ్మా. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎయిర్ పిస్టల్‌తో కొట్టినా నేరమే. చెరువు మీద దారాలు కట్టమని చెప్పు.

ఇక పిస్టల్. ఇందులో స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. పెల్లెట్ అడ్డం ఉన్నంతసేపే పిస్టన్ ముందు గాలి మెత్తటి దిండులా పనిచేస్తుంది. పెల్లెట్ మరీ తేలికైనా, వదులైనా గాలి ముందే జారిపోయి పిస్టన్ వెళ్లి గోడకి గుద్దుకుంటుంది. మరీ బరువైతే పిస్టన్ గాలి మీద ఎగిరి వెనక్కి తుళ్లుతుంది, ఆ తుళ్లులో బలం వృథా అవుతుంది. అందుకే పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చకూడదు. గట్టి స్ప్రింగు, బరువు పెల్లెట్ కలిపి వేస్తే కుదుపు పెరుగుతుంది, గురి పెరగదు.

4.5 మి.మీ. చదును ముక్కు పెల్లెట్లలో 0.45 నుంచి 0.53 గ్రాముల మధ్యవి రెండు మూడు రకాలు తెచ్చుకో. బొటనవేలితో నెమ్మదిగా నొక్కితే బిగువుగా కూర్చోవాలి. దానంతటదే జారిపోతే వదులు. ఒక్కో రకం పదేసి చొప్పున, చేతులు బల్ల మీది దిండుకి ఆనించి 10 మీటర్ల నుంచి పేల్చి, చిన్న గుంపు పడ్డదాన్నే ఉంచుకో.

కిందికి తగలడానికి మొదటి అనుమానం బ్యారెల్ మడత దగ్గరి రబ్బరు వాషర్ మీద. అక్కడ పలచటి టిష్యూ కాగితం ముక్క పెట్టి పేల్చు. కాగితం ఎగిరితే గాలి అక్కడ పోతోంది, వాషర్ మారిస్తే చాలు. అది బాగుంటే అప్పుడు స్ప్రింగు. దాన్ని ఇంట్లో విప్పవద్దు. ఎక్కించకపోయినా లోపల అది నొక్కుడు మీదే ఉంటుంది, వెనక పిన్ను తీయగానే మొహం మీదికి వస్తుంది. మరబిగింపు సాధనం ఉన్న మెకానిక్ చేతే, అసలు బిగువు స్ప్రింగే వేయించు. లోపల మామూలు నూనె పోస్తే నొక్కుడు వేడికి ఆ నూనె మండి చిటపటమని పొగ వస్తుంది, స్ప్రింగు విరుగుతుంది. సిలికాన్ నూనె ఒక్క చుక్క, అదీ ఎప్పుడో. ఎక్కించి గంటలకొద్దీ ఉంచకు. పేల్చాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నానికి కూర్చో, పెల్లెట్లు సీసం.

ప్రశ్న: .32 సెంటర్‌ఫైర్ (ప్రైమర్ కేసు అడుగు మధ్యలో ఉండే తూటాల) పిస్టల్ కొత్తగా మొదలుపెట్టాను. రివాల్వర్‌కి వాడే .32 తూటాలు ఇందులో వాడొచ్చా? (కాకినాడ)

జవాబు: ఈ పోటీ పిస్టళ్లు .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ వాడ్‌కట్టర్ అనే చదును ముక్కు తూటా కోసం చేసినవి. అందులో బుల్లెట్ కేసు అంచుతో సమంగా లోపలే ఉంటుంది. మొత్తం పొడవు కేసు పొడవే, సుమారు 23.4 మి.మీ. రివాల్వర్‌కి వాడే గుండ్రటి ముక్కు తూటా అదే పేరుతో ఉన్నా 32.5 మి.మీ. దాకా ఉంటుంది. మ్యాగజైన్‌లోకే పోదు. .32 ఏసీపీ అసలు వేరే తూటా, దాని గరిష్ఠ ఒత్తిడి కూడా ఎక్కువ. పేరులో 32 కలిసిందని ఒకదాని బదులు ఒకటి ఎక్కడా పెట్టకండి.

వాడ్‌కట్టర్ ముక్కు చదును కాబట్టి తూటా చాంబర్‌లోకి తిన్నగా వెళ్లాలి, వాలు తట్టుకోదు. అందుకే ఇక్కడ మ్యాగజైన్ స్ప్రింగు .22లో కంటే ముఖ్యం. రికాయిల్ స్ప్రింగు మరీ గట్టిదైతే మ్యాగజైన్ తూటాని పైకి ఎత్తకముందే బ్రీచ్ దాటిపోయి ఖాళీగా మూసుకుంటుంది. తూటా కంపెనీ మార్చినప్పుడల్లా రెండు స్ప్రింగుల్నీ కలిపి చూడండి.

ప్రశ్న: పోటీలో వరస మధ్యలో ఇరుక్కుంటే ఏం చేయాలి? సరిచేసుకుని కొనసాగించవచ్చా? (తాడేపల్లిగూడెం)

జవాబు: మాల్‌ఫంక్షన్ (పిస్టల్ మొరాయించిందన్న గుర్తింపు) అడగాలనుకుంటే పిస్టల్‌ని లక్ష్యం వైపే ఉంచి, పట్టు వదలకుండా, ఖాళీ చెయ్యి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. ఆయన చూసేలోపు బ్రీచ్‌ని గానీ సేఫ్టీని గానీ ముట్టుకున్నారా, అది మీ తప్పు కిందికి వెళ్తుంది. ఖాళీ కేసు ఇరుక్కోవడం, పిన్ను విరగడం, పిన్ను కొట్టినా తూటా పేలకపోవడం పిస్టల్ తప్పులు. సేఫ్టీ తీయకపోవడం, తూటాలు తక్కువ నింపడం, మ్యాగజైన్ సరిగా పెట్టకపోవడం మీ తప్పులు. రెంటికీ స్కోరులో చాలా తేడా ఉంటుంది.

2021లో టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, ఆమె ఫైనల్‌కి చేరలేదు. ఆ స్థాయిలోనూ ఇది జరిగింది కాబట్టి పెట్టెలో విడిభాగాలు ఉంచుకోండి: రికాయిల్ స్ప్రింగు ఒకటి, ఫైరింగ్ పిన్ను ఒకటి, ఎక్స్‌ట్రాక్టర్ దాని స్ప్రింగుతో సహా, అదనపు మ్యాగజైన్ ఒకటి, చాంబర్ బ్రష్షు, మీ త్రాసు అంకెలు రాసిన కాగితం. ఆ విడి స్ప్రింగుని ఇంటి దగ్గరే పిస్టల్‌లో వేసి, పోటీలో వాడబోయే లాటు తూటాలతోనే 200 పేల్చి చూసి, తీసి, నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో వేసుకోండి.